నలభై ఏడు పళ్లు

జంగయ్య నోట రాని మాట ఒకటుంది. "కాదు." గేరు బాక్సు విప్పి గోనెపట్టా మీద పరిచినప్పుడు, ఇది మళ్లీ బండెక్కుతుందా అని యజమాని బిక్కమొహం వేసుకుని అడిగితే, "ఎందుకు కాదు సార్" అనేవాడు. అలా అన్నాక కొన్ని అయ్యేవి, కొన్ని అయ్యేవి కావు. కానివాటిని అయినట్టు కనిపించేలా చేయడంలో ఆయనకు నలభై ఏళ్ల అనుభవం ఉంది.

తండ్రి పాలమూరు వైపు నుంచి జూబ్లీహిల్స్‌లో రాళ్లు కొట్టడానికి వచ్చినవాడు. బంగళాలు లేచిన కొద్దీ కొట్టడానికి రాళ్లు తరిగిపోయాయి. కొడుకు సుత్తి వదిలి పానా పట్టాడు. పంజాగుట్టలో ఒక షెడ్డులో పని నేర్చి, ఫిల్మ్ నగర్ కొండ కింద బస్తీలో రెండు గదుల ఇల్లు వేసుకుని, సినిమా కంపెనీల వ్యాన్లకూ, జనరేటర్ బండ్లకూ, హీరోల కార్లకూ గేరు బాక్సులు దించుతూ ఎక్కిస్తూ జుట్టు నెరిపించుకున్నాడు. గేరు చేతికిస్తే కళ్లు మూసుకుని, బొటనవేలి గోరును పళ్ల మీద నడిపించి ఎన్ని పళ్లో చెప్పేవాడు. ఆ విద్య చూడటానికే కొందరు అసిస్టెంట్ డైరెక్టర్లు టీ ఇప్పించేవారు.

ఇప్పుడు అరవై రెండు. కొత్త కార్లలో గేర్లు వాటంతటవే మారిపోతున్నాయి. జంగయ్య పొద్దున్నే మెయిన్ రోడ్డు మలుపులో టీ కొట్టు దగ్గర కూర్చుని, ఎత్తు ఎక్కే బండ్ల చప్పుడు విని, "బేరింగు అరుస్తున్నది", "క్లచ్చు ఒడిసింది" అని ఎవరూ అడగని వైద్యం చెబుతుంటాడు. అలా కూర్చున్న ఒక పొద్దున సిద్ధార్థ అనే అబ్బాయి వెతుక్కుంటూ వచ్చాడు. పాత కార్లను పుట్టినప్పుడు ఎలా ఉండేవో అలా చేసి ఇవ్వడం ఆ అబ్బాయి వృత్తి. ఫిల్మ్ నగర్‌లో ఒక మూతపడ్డ ఎడిటింగ్ ఆఫీసును షెడ్డుగా మార్చుకున్నాడు. ఇంజినీరింగ్ చదివాడు, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని పని చేస్తాడు. ఆ రెండో సంగతి జంగయ్యను కాస్త బాధపెట్టింది.

షెడ్డులో దుప్పటి తీయగానే జంగయ్య కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఎర్ర కారు. ఇంగ్లండు నుంచి ఓడలో దిగిన, రెండే సీట్లున్న, పైకప్పు లేని కారు. రంగు గీకేశారు, సీట్లు పీకేశారు, అయినా ముక్కు అదే, ముక్కు మీద నొక్కు అదే. పట్టాభిరామయ్య గారి కారు. కోస్తా నుంచి వచ్చి, కంపెనీ పెట్టి, తీసిన ప్రతి సినిమాలోనూ హీరోను ఒక్క పాటలోనైనా ఈ కారు ఎక్కించిన నిర్మాత ఆయన. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కారు మనవరాలు నిహారికది. వచ్చే నెల కంపెనీ పెట్టి యాభై ఏళ్లు. ఆ రోజుకు కారును నడిపించి చూపించాలని ఆమె పట్టుదల.

అంతా కుదిరింది, గేరు బాక్సే కుదరడం లేదని సిద్ధార్థ చెప్పాడు. సెకండ్ గేరు సరిగా పట్టకపోతే, బాక్సు మీద చెక్కిన నంబరు చూసి, ఆ నంబరు బాక్సుకు వేసే గేరునే ఇంగ్లండు నుంచి తెప్పించాడు. అది షాఫ్టు మీద లొడలొడలాడింది. తప్పు పంపారని మళ్లీ తెప్పించాడు. రెండోదీ మొదటిదానికి కవల పిల్లలా ఉంది, అదీ లొడలొడలాడింది. పైగా కారు పాత కాగితాల్లో ఉన్న గేరు బాక్సు నంబరు వేరు, పెట్టె మీద ఉన్న నంబరు వేరు.

"ఎక్కడో ఏదో మిక్స్ అయింది జంగయ్య గారూ. ఎవరో మహానుభావుడు రెండు బాక్సులు కలిపి ఒకటి చేశాడు. ఎవరో తెలిస్తే కాళ్లు మొక్కి, ఎలా నడిపావురా బాబూ అని అడుగుతా."

జంగయ్య బల్ల దగ్గరికి వెళ్లాడు. గేరు బాక్సులో రెండు షాఫ్టులుంటాయి, పైదొకటి, కిందిదొకటి; కిందిదాని గేర్లు షాఫ్టుతో ఒకే ముక్కగా ఉంటాయి. పై గేరు పళ్లూ, దాని కింద తిరిగే గేరు పళ్లూ ఒకదాన్నొకటి కరిచి పట్టుకోవాలి. ఆ బాక్సులో ఏ జత తీసుకున్నా రెండింటి పళ్లూ కలిపితే నలభై ఎనిమిది రావాలి. అది తయారుచేసినవాడు పెట్టిన లెక్క. దాంతో బేరం లేదు. జంగయ్య కళ్లు మూసుకుని పై గేరు మీద గోరు నడిపించాడు. ఇరవై ఏడు. కిందిది తిప్పాడు. ఇరవై. మొత్తం నలభై ఏడు.

లెక్కపెట్టనవసరం లేదు, ఆయనకు ముందే తెలుసు. ఆ మహానుభావుడు ఆయనే.

"ఏమనిపిస్తోంది?" అన్నాడు సిద్ధార్థ.

"రెండు దినాలు టైమియ్యి సార్. ఈ గేరు, కింది షాఫ్టు ఇంటికి తీస్కపోత. జర చూస్కోవాలె."

అంతలో నిహారిక వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, తాతగారిలాగే మాట్లాడుతూనే నడిచే మనిషి. జంగయ్య పాతకాలంలో ఈ కారు చూసినవాడని తెలిసి సంబరపడిపోయి ఫోను తీసింది. ఆఫీసులో పాత రీళ్లు దొరికాయట, వాటిలో ఒక ముక్క అద్భుతమట, ఫంక్షన్లో పెద్ద తెర మీద వేస్తారట. చూడమంది.

శబ్దం లేని బొమ్మ. కొండ మీదికి ఎత్తు రోడ్డు. ఎర్ర కారు ఎక్కుతోంది. సగం ఎక్కాక ఆగి, వెనక్కి జారి, వంకరగా దిగి, రోడ్డు పక్కన టిఫిన్ల బల్లను గుద్దింది. సాంబారు డేగిశా గాల్లోకి లేచి కారులోనే బోర్లపడింది. డ్రైవింగ్ సీట్లో హీరో విగ్గు పెట్టుకున్న మనిషి లేచి నిలబడ్డాడు. విగ్గు మీంచి ములక్కాడ ముక్క వేలాడుతోంది. చుట్టూ ఉన్నవాళ్లంతా పడిపడి నవ్వుతున్నారు. తెర మూలన, భుజం మీద మసిగుడ్డ వేసుకున్న సన్నటి మనిషి ఒకడు తొడ చరుచుకుని మరీ నవ్వుతున్నాడు.

నిహారిక కూడా నవ్వింది. "ఇతన్ని సాంబార్ కమలాకర్ అనేవారట కదండీ. మా ఇంట్లో ఏ పెళ్లికి అందరూ కలిసినా ఈ కథ ఒకసారి చెప్పుకోవాల్సిందే. ఇప్పుడెక్కడున్నారో తెలుసా? ఆయన్ని కూడా పిలిచి, ముందు వరసలో కూర్చోబెట్టి ఇది వేయాలని ఉంది."

తెలుసునన్నాడు జంగయ్య. తానే చెబుతానన్నాడు. మూలన నవ్వుతున్న సన్నటి మనిషి ఎవరో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు కాస్త లావయ్యాడు గనుక పోల్చుకోవడం కష్టమే.

అది ముప్పై రెండేళ్ల కిందటి మాట. నిజం చెప్పాలంటే ఆ రోజు గేరు బాక్సుకు ఏ జబ్బూ లేదు. ఒక సీలు దగ్గర నూనె కారుతోంది, అంతే. ఆ సీలు మార్చడానికి జంగయ్య బాక్సు దించి కింద పెట్టాడు. పట్టాభిరామయ్య గారు అటుగా వచ్చి, చేతికర్రతో మట్టి గీకి, పెట్టె మీద చెక్కిన నంబరు చదివారు. నాలుగు, ఒకటి, మూడు, సున్నా, తొమ్మిది. వేళ్ల మీద కూడారు. పదిహేడు. ఒకటీ ఏడూ కూడారు. ఎనిమిది. ఆయన మొహం నల్లబడిపోయింది. ఆ ఇంట్లో మెట్లు తొమ్మిది, గుమ్మాలు తొమ్మిది, కారు నంబరు కూడితే తొమ్మిది, సినిమా పేరులో అక్షరాలు తొమ్మిది. అప్పటికి వరసగా రెండు సినిమాలు పోయాయి. ఎందుకు పోయాయో ఆయనకు ఆ క్షణంలో అర్థమైపోయింది.

విడిభాగాల కోసమని ఆయన అదే రకం కారు ఇంకోటి తుక్కుగా కొని పెరట్లో పడేశారు. దాని గేరు బాక్సు మీద నంబరు అయిదు, రెండు, ఆరు, ఒకటి, నాలుగు. పద్దెనిమిది. అంటే తొమ్మిది.

"ఆ పెట్టె దీనికి పెట్టేయవయ్యా జంగయ్యా. ఎల్లుండి పొద్దున పదీ ఇరవైకి ముహూర్తం షాట్. అవుతుందా?"

"ఎందుకు కాదు సార్," అన్నాడు జంగయ్య.

తుక్కు కారు నాలుగేళ్ల తర్వాత తయారైనది. పెట్టె పైకి ఒకటేలా ఉన్నా లోపల కింది షాఫ్టు కూర్చునే రంధ్రాలు పెద్దవి. పాత షాఫ్టు అందులో నిలవదు. కాబట్టి తుక్కుదాని కింది షాఫ్టే వేశాడు. తుక్కుదాని పై షాఫ్టు వంగిపోయి, సెకండ్ గేరు పళ్లు రాలిపోయి ఉన్నాయి. కాబట్టి పైన మాత్రం మంచి కారుదే వేశాడు. మిగతా జతలన్నీ కుదిరాయి. సెకండ్ గేరు దగ్గర నలభై ఎనిమిది రావాల్సింది నలభై ఏడు వచ్చింది. ఒక్క పన్ను. పళ్లు పైపైన కరుచుకున్నాయి. గేరును పట్టి ఉంచే స్లీవు కూడా పూర్తిగా ఎక్కడం లేదు. చదును రోడ్డు మీద తిప్పి చూశాడు, కొంచెం మూలిగింది, నడిచింది. ఎత్తు మీద బరువు పడితే సెకండ్ గేరు తన్నుకుని బయటికొస్తుందని ఆయనకు తెలుసు. ముహూర్తం షాట్ చదును మీదే కదా అనుకున్నాడు. పోయి "ఇది కాదు సార్" అనడానికి తొమ్మిది మెట్లెక్కితే చాలు. ఎక్కలేదు.

ముహూర్తం బాగానే జరిగింది. తర్వాత టిఫిన్లు పెట్టేలోపు, వెలుగు బాగుందని, ఎత్తు రోడ్డు మీద కూడా ఒక షాట్ తీసేద్దామని డైరెక్టర్‌కు బుద్ధి పుట్టింది.

హీరోకు బదులు కారు నడిపేది కమలాకర్. యూసుఫ్‌గూడ మనిషి. కంకర టిప్పర్లు నడిపి నడిపి ఏ బండినైనా మాట వినేలా చేసుకునేవాడు. వెనక నుంచి చూస్తే అచ్చం హీరో, ముందు నుంచి చూస్తే అచ్చం కమలాకర్. అందుకే ఎప్పుడూ వెనక నుంచే తీసేవారు. జంగయ్యకు ప్రాణ స్నేహితుడు. ఇద్దరూ ఒక బీడీని సగం సగం కాల్చిన కాలం అది. ఆ వారంలోనే కమలాకర్‌కు ఆర్టీసీలో డ్రైవర్ పరీక్షకు కాగితం వచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, చొక్కా జేబులోంచి తీసి రోజుకు నాలుగుసార్లు చూపించేవాడు.

కమలాకర్ విగ్గు పెట్టుకుని కారెక్కుతుంటే జంగయ్య పరుగెత్తుకుంటూ వెళ్లాడు. అప్పటికైనా చెప్పాలనే వెళ్లాడు. తీరా దగ్గరికి వెళ్లేసరికి పక్కనే పట్టాభిరామయ్య గారు నిలబడి ఉన్నారు.

"సెకండ్ల జర పైలం," అన్నాడు జంగయ్య.

"ఎందుకురా?"

"ఏం లేదు. కొత్తగ విప్పినం గద."

ఆ సగం మాటతో కారు కదిలింది. తర్వాత జరిగింది నిహారిక ఫోనులో ఉంది. సెకండ్ తన్నేసింది, కారు జారింది, సాంబారు లేచింది. అందరూ నవ్వారు. ఎవరూ చావలేదన్న ఊరటతో కొంత, ఆ ములక్కాడ వల్ల కొంత, జంగయ్య కూడా నవ్వాడు. నవ్వకపోతే తన మొహం ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో మరికొంత. గేరు వేయడం రాని డ్రైవర్ అన్నారు. హీరోయిన్ వంక చూస్తూ నడిపాడన్నారు. సాయంత్రానికి కృష్ణానగర్ దాకా సాంబార్ కమలాకర్ అన్న పేరు పాకింది. ఏ ఫైట్ మాస్టరూ మళ్లీ పిలవలేదు. ఆర్టీసీ ఉద్యోగం ఏమైందంటే పోస్టులు నిండినయన్నాడు. ఆ తర్వాత పాతికేళ్లు ఒక స్టూడియో గేటు దగ్గర, లోపలికొచ్చే బండ్ల నంబర్లు రాసుకునే పని చేశాడు.

కలిసిరాని పాత పెట్టెను ఇంటి ఆవరణలో ఉంచొద్దన్నారు పట్టాభిరామయ్య గారు. దాన్నీ, దాని కింది షాఫ్టునూ జంగయ్య ఇంటికి మోసుకొచ్చాడు. షాఫ్టుకు గ్రీజు పూసి గోనెలో చుట్టి అటక మీద పడేశాడు. పెట్టెను భార్య మంజులత నీళ్ల డ్రమ్ము కింద ఎత్తుపీటగా పెట్టుకుంది.

షెడ్డు నుంచి వచ్చిన రోజు జంగయ్య డ్రమ్ము ముందు పీట వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. మంజులత ముందు పట్టించుకోలేదు. ఆయన డ్రమ్ములో నీళ్లు బిందెలతో తోడిపోయడం మొదలుపెట్టాక మాత్రం, నల్లా మళ్లీ ఎల్లుండి గాని రాదని గుర్తు చేసి, ఏం పూనిందని అడిగింది. అప్పుడు చెప్పాడు. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి, ఇరవై ఏడు, ఇరవై, నలభై ఏడు అన్నీ చెప్పాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ విన్నది.

"ఏమయ్యా, ఈ ముచ్చట నాకెందుకు చెప్తున్నవు?" అంది చివరికి. "నేనేమన్న బండి తోల్తనా? మధురానగర్ పో."

ఆయన పెట్టెను బయటికి లాగుతుంటే డ్రమ్ము కింద పెట్టడానికి రెండు ఇటుకలు తనే తెచ్చుకుంది.

కమలాకర్ ఇప్పుడు మధురానగర్‌లో కూతురు భువన ఇంట్లో, రెండో అంతస్తులో ఉంటున్నాడు. ఎడమ మోకాలు అరిగిపోయింది. లిఫ్టు లేదు, అందుకని ఎవరైనా వస్తే తప్ప కబుర్లు లేవు. జంగయ్య గోనెసంచి భుజాన వేసుకుని మెట్లెక్కేసరికి ఇద్దరు మనవలనూ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏదో చెబుతున్నాడు. జంగయ్యను చూసి మొహం విప్పారింది. భువన టీ తెచ్చింది. సినిమా కథ చెప్పు తాతా అని పిల్లలు పట్టుబట్టారు. సినిమా కథంటే ఆ ఇంట్లో ఒక్కటే.

కమలాకర్ స్టీలు గ్లాసును గేరు కర్రలా పట్టుకుని మొదలుపెట్టాడు. ఎన్నిసార్లు చెప్పాడో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్లు తిప్పాలో అన్నీ కుదిరిపోయాయి. సాంబారు లేచేచోట చిన్నవాడు ముందే నవ్వాడు.

"తప్పు నాదేరా," అన్నాడు కమలాకర్, కథకు అది చివరి వాక్యమన్నట్టు. "ఈ జంగయ్య తాత ముందే చెప్పిండు, సెకండ్ల పైలం అని. నేనే ఇనలే. హీరోయిన్ దిక్కు చూసిన."

జంగయ్య టీ గ్లాసు కింద పెట్టేశాడు. మంచికేనని అనేసిన ఆ సగం మాట, ఇన్నేళ్లూ ఈ మనిషి మీద సాక్ష్యం చెబుతూ ఉందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

పిల్లల్ని లోపలికి పంపమన్నాడు. సంచి విప్పి, పాత దినపత్రిక పరిచి, సెకండ్ గేరునూ, కారులోంచి తీసిన కింది షాఫ్టునూ పెట్టాడు. లెక్కపెట్టమన్నాడు. కమలాకర్ నవ్వుతూనే సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని లెక్కపెట్టాడు. జంగయ్య రెండింటినీ కలిపి తిప్పాడు. పళ్లు ఒకదాని మీద ఒకటి జారి, కటకటమని ఊగాయి. తర్వాత అటక మీది షాఫ్టు తీశాడు. ఇరవై ఒక్క పళ్లు. దాని మీద అదే గేరు పెట్టి తిప్పాడు. చప్పుడు లేదు. నూనెలో తిరిగినట్టు తిరిగింది.

కమలాకర్ తనే చేతిలోకి తీసుకుని తిప్పాడు. ముందు దీనితో, తర్వాత దానితో, మళ్లీ దీనితో. నవ్వు ఎప్పుడు పోయిందో జంగయ్య చూడలేదు.

"కారుల ఏది ఉండె ఆ దినం?"

జంగయ్య ఊగేదాన్ని చూపించాడు.

"నీకు తెల్వక అయిందా?"

"తెల్సే."

"సెకండ్ల పైలం అన్నది?"

"అది గూడ తెల్సే అన్న."

లోపల పిల్లల టీవీ మోగుతోంది. కమలాకర్ చేతికంటిన గ్రీజు చూసుకుంటూ కూర్చున్నాడు.

"అయితే నేను తొక్కింది సక్కగనే తొక్కిన," అన్నాడు. అది ప్రశ్నో కాదో తెలియలేదు. జంగయ్య తల ఊపాడు.

"ఆర్టీసీల పోస్టులు నిండలేదు జంగన్నా. నేనే పోలే. పోయిన గాని, గేటు దాకనే పోయిన. ఎత్తు మీద బస్సు ఆపి మళ్ల ఎక్కియ్యాలె, అదే పరీక్ష. లోపల ఎవడో సెకండ్ ఏసి ఎక్కిస్తున్న సప్పుడు ఇనవడ్డది. ఆడికెల్లే మర్లి వచ్చిన. ఇంట్ల పోస్టులు నిండినయని చెప్పిన." చేతి గ్రీజును పత్రిక అంచుకు తుడిచాడు. "నా పెండ్లాంతోని ఆ అబద్ధం ఒక్కటే ఆడిన. ఆమె పోయేదాక గూడ చెప్పలే."

జంగయ్య తప్పయిందన్నాడు. ఆ మాట పత్రిక మీద గేరు పక్కన పడి అలాగే ఉండిపోయింది. ఫంక్షన్ సంగతి, తెర సంగతి చెప్పాడు. ఆ బొమ్మ వేయొద్దని నిహారికమ్మకు తానే చెబుతానన్నాడు.

"ఎయ్యనీ," అన్నాడు కమలాకర్. "నేనొస్త. ముంగటనే కూసుంట. నవ్వేటోళ్లు నవ్వుకోనీ. బొమ్మ అయినంక నువ్వు లేశి చెప్పు. ఆ దినం నువ్వు గూడ నవ్వినవురా. నాకు యాదికున్నది."

మర్నాడు పొద్దున జంగయ్య ఆటోలో పెట్టెనూ షాఫ్టునూ షెడ్డుకు తెచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చాడు. అంతా చెప్పాక తలవంచుకుని నిలబడ్డాడు కూడా. కానీ సిద్ధార్థ పెట్టె మీది నంబరు చదివి, కాగితాల్లో నంబరు చూసి, మళ్లీ పెట్టె చూసి, రబ్బరు తొడుగులతోనే ఆయన్ని కావలించుకున్నాడు. కారుతో పుట్టిన గేరు బాక్సు దొరకడమంటే ఈ పనిలో లాటరీ తగిలినట్టట. నిహారిక నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. తాతయ్య తప్ప ఇంకెవరు చేస్తారండీ ఇలాంటి పని, అంది. ఎనిమిది నంబరు పరవాలేదా అమ్మా అని జంగయ్య అడిగితే, ఇప్పుడు ఒరిజినల్ నంబరే లక్కీ అంది.

ఎవరికీ కోపం రాలేదు. జంగయ్యకు అది తిట్ల కంటే బరువుగా ఉంది. కమలాకర్ ఉద్యోగం సంగతి కూడా చెబుదామనుకున్నాడు గానీ, వాళ్ల సంతోషంలో అది ఎక్కడ పెట్టాలో తెలియక ఊరుకున్నాడు.

మూడు వారాలు తనే కూర్చుని బాక్సు కూర్చాడు. ఇరవై ఏడు, ఇరవై ఒకటి. నలభై ఎనిమిది. సిద్ధార్థ కారును ఎత్తు రోడ్డు మీదికి తీసుకెళ్లి సెకండ్‌లో చివరిదాకా ఎక్కించి వచ్చాడు. మూలుగు లేదు. జంగయ్య షెడ్డు గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు విన్నాడు. ముప్పై రెండేళ్ల కిందట వినాల్సిన చప్పుడు.

ఫంక్షన్ జూబ్లీహిల్స్‌లో కంపెనీ ఆఫీసు లాన్‌లో, పొద్దున తొమ్మిదింటికి. కారు నిగనిగలాడుతోంది, దండ కూడా వేశారు. కమలాకర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని భువన చేయి పట్టుకుని వచ్చాడు. ఆమె ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టి, ఆఫీసుకు టైమవుతోందంటూ వెళ్లిపోయింది. టిఫిన్ వడ్డించే మనిషి ఇడ్లీ మీద గరిటె ఎత్తితే కమలాకర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"చట్నీ చాలు."

బొమ్మ వేశారు. ఈసారి వెనక తమాషా సంగీతం కూడా కలిపారు. కారు జారినప్పుడు నవ్వులు మొదలై, ములక్కాడ దగ్గర కుర్చీలు కదిలిపోయాయి. తెర మీద మూలన సన్నటి జంగయ్య తొడ చరుచుకుంటున్నాడు, ఇంటి గోడంత ఉన్నాడు. లాన్‌లో లావుపాటి జంగయ్య లేచి మైకు దగ్గరికి నడిచాడు.

చెప్పాడు. తప్పు గేరుదన్నాడు, బండి నడిపినవాడిది కాదన్నాడు. నంబరు కూడికలు, రెండు పెట్టెలు, ఒక పన్ను తక్కువ సంగతి అన్నీ చెప్పాడు. "ఆ దినం నేను కాదు సార్ అంటే అయిపోతుండె. అనలే. కమలాకర్ తప్పు లేదు. ఆ తప్పు నాది," అన్నాడు.

తొమ్మిది మెట్ల దగ్గర నవ్వులు మొదలయ్యాయి. ఎనిమిది నంబరు దగ్గర చప్పట్లు పడ్డాయి. డ్రమ్ము కింద పెట్టె సంగతి వినేసరికి ఒకాయన కుర్చీ చేతులు పట్టుకుని నవ్వాడు. చివర్లో ఆ తప్పు నాదన్నప్పుడు అందరూ లేచి చప్పట్లు కొట్టారు. యాంకర్ అమ్మాయి మైకు తీసుకుని, క్లైమాక్స్‌లో ఇంత మంచి ట్విస్టు ఈ మధ్య ఏ సినిమాలోనూ చూడలేదని, మన సాంబార్ కమలాకర్ గారిని కూడా వేదిక మీదికి రమ్మని పిలిచింది. ఇద్దరికీ శాలువాలు కప్పారు. నిజం చెప్పినా వాళ్లకది ఇంకో మంచి కథే అయింది.

నవ్వనివాడు ఒక్కడే. శాలువా మడిచి చంకలో పెట్టుకుని కమలాకర్ మెట్లు దిగాడు.

నిహారిక ఆయన్ని కారు దగ్గరికి తీసుకెళ్లి, ఒక్కసారి కూర్చోండి, ఫోటో తీసుకుందామంది. ఆమె మనసులో కపటం లేదు; నిజంగానే ఆ మర్యాద చేయాలనుకుంది. కమలాకర్ తలుపు తెరిచి లోపలికి వంగాడు. సీటు నేలకు జానెడెత్తు. మోకాలు వంగలేదు. రెండుసార్లు ప్రయత్నించి నిలబడిపోయాడు. కారు బయటి నుంచే చెయ్యి చాపి గేరు కర్ర మీది నల్లటి గుండును ఒకసారి అరచేత్తో మూసి, వదిలేశాడు.

"కాలు రానిస్తలేదమ్మా," అన్నాడు. ఫోటోకు పక్కన నిలబడ్డాడు.

కారులో దింపిస్తామన్నా వద్దని ఇద్దరూ మెయిన్ రోడ్డుకు నడిచి సిటీ బస్సెక్కారు. మధురానగర్ దాకా తోడు వస్తానన్నాడు జంగయ్య. కమలాకర్ వద్దనలేదు, రమ్మననూ లేదు. డ్రైవర్ వెనక సీటే ఖాళీగా దొరికింది. జంగయ్య ఇద్దరికీ టికెట్లు తీశాడు.

"మంచిగనే చెప్పినవు," అన్నాడు కమలాకర్ కాసేపటికి. "అందరికి వినొచ్చింది."

"ఎవరు నమ్మలేదురా."

"నేను నమ్మిన గద."

బస్సు దిగుడు దిగి, సిగ్నల్ దాటి, ముందున్న ఎత్తు ఎక్కసాగింది. నిండా జనం. సగం ఎక్కాక ముందు ఆటో ఒకటి ఆగిపోయింది. డ్రైవర్ బ్రేకు తొక్కాడు. బస్సు ఎత్తు మీద నిలబడిపోయింది. ఆటో కదిలింది. డ్రైవర్ కుదుపు లేకుండా బస్సును లేపి, కాస్త వేగం అందుకోనిచ్చి, ఎడమ చేత్తో గేరు కర్రను వెనక్కి లాగి సెకండ్ వేశాడు.

జంగయ్య పక్కకు చూశాడు. కమలాకర్ కళ్లు డ్రైవర్ భుజం మీదుగా రోడ్డు మీదే ఉన్నాయి. మడిచిన శాలువా మీద ఆయన ఎడమ చెయ్యి పిడికిలి బిగించి, అదే క్షణానికి, అంతే మేర వెనక్కి జరిగింది. అక్కడ ఆగి, గేరు ఎక్కిందో లేదో చూసుకున్నట్టు ఒత్తి పట్టుకుంది. ఎత్తు అయిపోయేదాకా వదల్లేదు.

జంగయ్య కిటికీ వైపు తిరిగాడు. బస్సు చక్కగా ఎక్కుతోంది. ఆ చప్పుడులో ఆయనకు ఏ తప్పూ వినిపించలేదు.